పంకా తాడు నుంచి ఆసు యంత్రం దాకా: పేటెంట్లపై పాఠకుల ప్రశ్నలు

గత నెల చేతివృత్తుల పనిముట్లపై వేసిన వ్యాసంలో "మన ఊళ్లలో పుట్టిన పరికరాల్లో చాలావాటికి పేటెంట్ కాగితం లేదు" అని ఒక వాక్యం రాశాం. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆ వాక్యం గురించే. వాటిలో ఆరు ప్రశ్నలను ఎంచుకుని, ఈసారి శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: మన దేశంలో మొట్టమొదటి పేటెంట్ పంకా లాగే యంత్రానికి ఇచ్చారని మా పిల్లలకు పాఠం చెబుతూ ఎక్కడో చదివాను. ఇది నిజమేనా? దాన్ని కనిపెట్టింది మనవాళ్లేనా? (ఉపాధ్యాయిని, కాకినాడ)

జవాబు: నిజమే. ఈస్టిండియా కంపెనీ పాలనలో 1856 ఫిబ్రవరి 28న ఆరో నంబరు చట్టం వచ్చింది. కొత్తది కనిపెట్టినవారికి 14 ఏళ్లపాటు దాని మీద ప్రత్యేక హక్కు ఇవ్వడం ఆ చట్టం ఉద్దేశం. పేటెంట్ అంటే ఆ హక్కే. చట్టం వచ్చి వారమైనా కాకముందే, మార్చి 3న, కలకత్తాలో ఉంటున్న జార్జ్ ఆల్‌ఫ్రెడ్ డిపెనింగ్ అనే సివిల్ ఇంజనీరు దరఖాస్తు పెట్టుకున్నారు. పంకాను సమర్థంగా లాగే యంత్రం ఆయన కనిపెట్టిన వస్తువు. సెప్టెంబరు 2న ఆయనకు హక్కు దక్కింది, 1856 సంవత్సరపు మొదటి నంబరు దానిదే అయింది.

ఆ రోజుల్లో పంకా అంటే ఏమిటో మీ పిల్లలకు కాస్త వివరించండి. దొరల బంగళాల్లో, కచేరీల్లో ఇంటికప్పుకు పొడవాటి చట్రం వేలాడదీసి, దానికి గుడ్డ కట్టేవారు. దానికి కట్టిన తాడు గోడకున్న రంధ్రం గుండా వరండాలోకి వచ్చేది. ఆ తాడు చివర ఒక మనిషి కూర్చుని పగలనక రాత్రనక లాగుతూ ఉండేవాడు. లోపలివారికి గాలి తగిలేది, ఎండంతా లాగేవాడిదే. దేశంలో మొదటి పేటెంట్ ఆ మనిషి చేతులు చేసే పనిని యంత్రానికి అప్పగించాలన్న ఆలోచనకు దక్కింది. కనిపెట్టిన ఆయన పేరు కాగితం మీద ఉంది. తాడు లాగిన వేలమందిలో ఒక్కరి పేరూ ఆ కాగితాల్లో లేదు.

ఆ చట్టం ఎంతోకాలం నిలవలేదు. బ్రిటిష్ రాణి ముందస్తు అనుమతి లేకుండా చేశారన్న కారణంతో 1857లో దాన్ని రద్దుచేసి, 1859లో పదిహేనో నంబరు చట్టంగా మళ్లీ తెచ్చారు. ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. మొదటి చట్టం ప్రకారం విదేశాల్లో పుట్టిన వస్తువును ఇక్కడికి దిగుమతి చేసినవాడిని కూడా కనిపెట్టినవాడిగానే లెక్కించేవారు. 1859 చట్టం ఆ దిగుమతిదారులను పక్కకు తప్పించింది. స్థానికంగా కనిపెట్టడం అన్న మాటకు చట్టంలో కాస్తైనా విలువ వచ్చింది అప్పుడే.

ప్రశ్న: మా అమ్మ ముప్పై ఏళ్లు ఆసు పోసింది. చింతకింది మల్లేశం గారి యంత్రం వచ్చాక మా ఇంట్లో ఆ పని తప్పింది. ఆయనకు పేటెంట్ వచ్చిందంటే ఆసు మీద హక్కు ఆయనదైపోయినట్టా? అది మా తాతల కాలం నాటి పద్ధతి కదా? (చేనేత కుటుంబానికి చెందిన పాఠకురాలు, ఆలేరు)

జవాబు: మీ అనుమానం సరైన చోట మొదలైంది కాబట్టి దీనికి కొంచెం వివరంగా చెప్పాలి.

మగ్గం ఎరగని పాఠకుల కోసం ముందు ఆసు అంటే ఏమిటో చెబుతాం. పోచంపల్లి చీరలో డిజైను మగ్గం మీద పుట్టదు. అంతకుముందే నూలుకు చిటికి కట్టి (రంగు అంటకూడని చోట్ల దారంతో బిగించి), రంగుల్లో ముంచి, ఏ పోగులో ఏ రంగు ఎక్కడ పడాలో తేల్చుకుంటారు. అలా కట్టడానికి వీలుగా పేక నూలును (బట్టలో అడ్డంగా పడే పోగులను) ముందుగా ఒక వరసలో పేర్చుకోవాలి. ఒక వైపు ఒకే మేకు, దానికి మీటరు దూరంలో అర్ధచంద్రాకారంలో వరసగా మేకులు ఉన్న చట్రం ఇందుకు వాడతారు. నూలు పట్టుకున్న చెయ్యి ఈ కొస మేకు నుంచి ఆ వరసలోని మేకుకు, అక్కణ్నుంచి మళ్లీ వెనక్కి తిరుగుతూనే ఉండాలి. ఒక్క చీరకు ఇలా సుమారు 9,000 సార్లు చెయ్యి ఆడాలి. అందుకు నాలుగైదు గంటలు పట్టేది. రోజుకు రెండు చీరల ఆసు పోస్తే 18,000 సార్లు. ఈ పని దాదాపు అన్ని ఇళ్లలోనూ ఆడవాళ్లదే. భుజం పట్టేయడం, మోచేయి పైకి లేవకపోవడం గురించి మీ అమ్మగారిని అడిగితే మాకన్నా బాగా చెబుతారు.

ఆలేరు దగ్గరి శారాజీపేటలో మల్లేశం గారి తల్లి లక్ష్మి గారు ఇలాగే బాధపడ్డారు. చదువు బడి మధ్యలోనే ఆగిపోయిన ఆ కొడుకు 1992లో యంత్రం పని మొదలుపెట్టి, దఫదఫాలుగా భాగాలు బిగించుకుంటూ 1999లో పూర్తిచేశారు. చివరి చిక్కు విప్పే దారి మాత్రం హైదరాబాదులో కూలిపని చేస్తున్నప్పుడు ఒక వర్క్‌షాపులో మరో యంత్రం కదలికను చూసి దొరికింది. తల్లి పేరుతో లక్ష్మీ ఆసు యంత్రమని పేరు పెట్టారు. చేత్తో నాలుగైదు గంటలు పట్టే పని దాని మీద గంటన్నరలో అయిపోతుంది. 2017లో ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది.

ఇక మీ అసలు ప్రశ్నకు వస్తాం. ఆసు మీద ఎవరికీ హక్కు రాదు, రాకూడదు కూడా. తరతరాలుగా అందరికీ తెలిసిన సంప్రదాయ జ్ఞానం, లేదా అలాంటి జ్ఞానంలోని గుణాలను ఊరికే ఒక చోట చేర్చినది, మన చట్టం దృష్టిలో కనిపెట్టినది కాదు. పేటెంట్ చట్టంలోని మూడో సెక్షన్ దాన్ని స్పష్టంగా పక్కనపెట్టింది. మీ తాతల అర్ధచంద్రపు చట్రం, మేకుల వరస, చిటికి కట్టే తీరు మీవే, మీ పక్కింటివారివే, మరో నేత ఊరైన పుట్టపాకవారివే. మల్లేశం గారికి పేటెంట్ దక్కింది ఆ చేతి కదలికను యంత్రం చేత చేయించిన ఏర్పాటుకు మాత్రమే. అంటే నూలును తీసుకువెళ్లే భాగం మేకుల మధ్య ఎలా కదలాలి, వరసలో తర్వాతి మేకుకు ఎప్పుడు జరగాలి, ఎన్ని చుట్లయ్యాక ఆగాలి అన్న వాటికే ఆ రక్షణ. మీ అమ్మగారు రేపు మళ్లీ చేత్తో ఆసు పోసినా ఎవరూ అడ్డు చెప్పలేరు. ఆయన యంత్రంలోని ఏర్పాటునే నకలు చేసి అమ్మితే మాత్రం గడువు తీరేదాకా అభ్యంతరం పెట్టే హక్కు ఆయనకుంటుంది. ఇప్పటి చట్టంలో ఆ గడువు దరఖాస్తు రోజు నుంచి 20 ఏళ్లు.

గడువు తీరాక ఏమవుతుందన్నది కూడా తెలుసుకోవాలి. పేటెంట్ కోరినవాడు తన యంత్రం పనిచేసే తీరును, ఆ పని తెలిసిన మరొకడు చదివి తయారుచేయగలిగేంత వివరంగా, బొమ్మలతో సహా రాసివ్వాలి. ఆ వివరణ పత్రాన్ని అందరూ చదువుకోవచ్చు. ఏమీ దాచుకోకుండా చెప్పినందుకు ప్రతిఫలంగానే కొన్నేళ్ల హక్కు దొరుకుతుంది, ఆ తర్వాత అది ఊరందరి సొత్తు. చేతివృత్తుల మీద పనిచేసే మాకు పేటెంట్ పత్రాలంటే ఇంత మమకారం ఉండడానికి కారణం ఇదే. ఎవరి చెయ్యి ఎక్కడ నొచ్చిందో, ఆ నొప్పిని తప్పించడానికి ఎవరు ఏ పళ్లచక్రాన్ని ఎక్కడ బిగించారో ఇంత వివరంగా చెప్పే కాగితం మరొకటి లేదు.

ప్రశ్న: మాది ఆటోనగర్‌లో చిన్న లేతు షెడ్డు. పని తొందరగా కావడానికి, ప్రమాదం తగ్గడానికి లేతుకు ఒక చిన్న మార్పు చేశాను. ఉపయోగం కళ్లముందే కనబడుతోంది కాబట్టి పేటెంట్ తప్పకుండా వస్తుందని మావాళ్లంటున్నారు. నిజమేనా? (పాఠకుడు, విజయవాడ)

జవాబు: ఉపయోగం ఒక్కటే సరిపోదు. మీ ప్రశ్నకు దగ్గరగా ఉన్న వ్యాజ్యమొకటి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అది మన దేశంలో పేటెంట్ల గురించి మాట్లాడే ప్రతివారూ నేటికీ చెప్పుకునే తీర్పు, పైగా అదీ లేతు గురించే.

ఉత్తరప్రదేశ్‌లోని మీర్జాపూర్ ఇత్తడి, జర్మన్ సిల్వర్ పాత్రలకు పేరున్న ఊరు. అక్కడ పోతపోసిన పాత్రను లేతు మీద తిప్పి, గీకి, మెరుగు పెడతారు. పాత పద్ధతిలో పాత్రను లేతు తల వైపున మాత్రమే పట్టించి తిప్పేవారు, రెండో వైపు ఆధారం ఉండేది కాదు. వేగంగా తిరుగుతున్నప్పుడు పాత్ర పట్టు తప్పి ఎగిరి వచ్చేది. ఎదురుగా నిలబడి పనిచేసేవాడి పరిస్థితి మీకు చెప్పనక్కర్లేదు. హిందుస్థాన్ మెటల్ ఇండస్ట్రీస్ అనే స్థానిక సంస్థ రెండో వైపు నుంచి కూడా పాత్రను నొక్కి పట్టే ఏర్పాటు చేసి, 1951 డిసెంబరు నుంచి అమలయ్యేలా 46368 నంబరు పేటెంట్ తీసుకుంది. అదే ఊళ్లోని మరో సంస్థ ఆ పద్ధతిని వాడుతోందని దావా వేసింది. అవతలివారు దాంట్లో కొత్తదనం లేదు, పేటెంటే రద్దుచేయండి అని ఎదురు తిరిగారు. అలహాబాదు హైకోర్టులో ఒక న్యాయమూర్తి రద్దుచేశారు, ధర్మాసనం దాన్ని తిరగరాసింది, చివరకు 1978 డిసెంబరులో సుప్రీంకోర్టు రద్దే సరైనదని తేల్చింది. ఆ పేటెంట్ ఇచ్చిన 1911 చట్టం ప్రకారం గడువు 16 ఏళ్లు కాబట్టి, తీర్పు వచ్చేనాటికి ఆ హక్కు ఎలాగూ ముగిసిపోయి ఉండేది.

కోర్టు చెప్పిన కారణాన్ని మీ షెడ్డు భాషలో చెబుతాం. లేతుకు ఎదుటి కొసన మొన ఉన్న భాగంతో వస్తువును నొక్కి పట్టడం అందరికీ తెలిసిన పనే. దాన్ని పాత్రలకు వాడడం పని తెలిసిన ఏ మేస్త్రీకైనా తట్టగలిగిన మెరుగే తప్ప కొత్తగా కనిపెట్టినట్టు కాదు. వర్క్‌షాపులో చేసుకునే మెరుగుకూ, కనిపెట్టడానికీ మధ్య గీత గీసిన తీర్పు ఇది. మార్పు కొత్తదై ఉండాలి, ఉపయోగపడాలి, ఆ రంగంలో పని తెలిసినవాడికి సులభంగా తట్టనిదై ఉండాలి. చట్టం దృష్టిలో ఆ తీర్పు సరైనదేనని మేము నమ్ముతున్నాం. ఎందుకంటే ప్రతి చిన్న మెరుగు మీదా ఒకరు కంచె వేసుకుంటే పక్క షెడ్డువాడు తన లేతును తాను బాగుచేసుకోలేడు. అయితే పాత్ర ఎగిరి మొహాన తగలకుండా ఆపిన ఆ మేస్త్రీ తెలివిని తక్కువచేసి చూడడం మాకు ఇష్టం లేదు. మీ మార్పు కూడా అలాంటిదే కావచ్చు. దరఖాస్తు చేయాలనుకుంటే మాత్రం ఒక జాగ్రత్త తప్పనిసరి. దాన్ని బయట ప్రదర్శించకముందే, అమ్మకముందే, ఫోనులో వీడియో తీసి నలుగురికీ పంపకముందే దరఖాస్తు పెట్టండి. ముందే లోకానికి తెలిసిపోయినది కొత్తది కాదని కొట్టేస్తారు.

ప్రశ్న: గాంధీజీ మంచి రాట్నం కనిపెట్టినవారికి లక్ష రూపాయలు ఇస్తామన్నారట. మరి ఆ రాట్నానికి పేటెంట్ ఎవరి పేరున ఉండేది? (పాఠకుడు, శ్రీకాకుళం)

జవాబు: ఇంత సూటిగా ఈ ప్రశ్న అడిగినవారు మాకు ఇంతవరకు తగల్లేదు. 1929లో అఖిల భారత చరఖా సంఘం ఈ బహుమతిని ప్రకటించింది. అప్పటి లక్ష అంటే మామూలు మొత్తం కాదు. షరతులూ అంతే కఠినం. యంత్రం తేలికగా ఉండాలి, పల్లెటూరి గుడిసెలో చేత్తోనో కాలితోనో నడవాలి, ఆడమనిషి ఎక్కువ శ్రమ లేకుండా 8 గంటలు దానిమీద పనిచేయగలగాలి. ఆ 8 గంటల్లో 12 నుంచి 20 నంబరు నూలు (నంబరు అంటే పోగు సన్నదనాన్ని చెప్పే లెక్క) 16,000 అడుగులు రావాలి. ధర 150 రూపాయలు దాటకూడదు. అప్పుడప్పుడు మరమ్మతు చేసుకుంటూ 20 ఏళ్లు నడవాలి, ఏటా మరమ్మతు ఖర్చు ధరలో 5 శాతం మించకూడదు.

పేటెంట్ గురించి కూడా ఒక షరతు ఉంది. పోటీకి వచ్చేవారు కావాలంటే తమ ఖర్చుతో ముందే పేటెంట్ తీసుకోవచ్చు. కానీ బహుమతి గెలిస్తే ఆ హక్కును సంఘానికి రాసివ్వాలి. అంటే కనిపెట్టినవాడికి ఒక్కసారిగా ప్రతిఫలం చెల్లించి, యంత్రాన్ని వడికేవారందరికీ అందుబాటులో ఉంచడమన్నమాట. పేటెంట్ చట్టం గడువు తీరాక చేసే పనిని ఆ బహుమతి మొదటి రోజునే చేయాలని చూసింది. ఆ షరతులన్నిటినీ నెగ్గిన యంత్రం ఏదీ రాలేదు, లక్ష రూపాయలు ఎవరికీ దక్కలేదు. తర్వాత తమిళనాడుకు చెందిన ఏకాంబరనాథన్ తయారుచేసిన రాట్నం ఆయన పేరులోని మాటతోనే అంబర్ చరఖాగా 1950లలో దేశమంతా వ్యాపించింది.

మీరు శ్రీకాకుళం నుంచి రాశారు కాబట్టి ఒక మాట. మీ జిల్లా పొందూరులో సన్న నూలు వడికేవారు పత్తిని శుభ్రం చేయడానికి వాలుగ చేప దవడను వాడతారు. దవడలోని సన్నని పళ్ల వరస దువ్వెనలా పనిచేసి, పీచును చిక్కు లేకుండా తీస్తుంది. ఆ పళ్లను చూసి పత్తికి పనికొస్తాయని మొదట అనుకున్న ఆ ఆడమనిషి ఎవరో గానీ, అంత సున్నితమైన పరిశీలన ఎన్నో పేటెంట్ పత్రాల్లో కనబడదు.

ప్రశ్న: జి.డి.నాయుడు గారు తెలుగువారేనా? ఆయన కనిపెట్టిన వస్తువులు బజారులో ఎందుకు నిలవలేదు? (పాఠకుడు, చిత్తూరు)

జవాబు: గోపాలస్వామి దొరైస్వామి నాయుడు గారు 1893లో కోయంబత్తూరు దగ్గరి కలంగల్‌లో, తరాలుగా అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టారు. 1920లో పొళ్లాచ్చి, పళని మధ్య ఒక్క బస్సుతో మొదలుపెట్టి పెద్ద రవాణా సంస్థను నిలబెట్టారు. బ్యాటరీతో నడిచే రాసంట్ గడ్డం గీసుకునే యంత్రం, చాలా పలుచని బ్లేడు, పళ్లరసం తీసే యంత్రం, కిరోసిన్‌తో తిరిగే ఫ్యాను, మోసానికి వీలులేకుండా ఓట్లు నమోదుచేసే యంత్రం ఆయన తయారుచేసినవే. 1952లో సుమారు 2,000 రూపాయలకే దొరికే రెండు సీట్ల పెట్రోలు కారును కూడా తయారుచేశారు. ప్రభుత్వం లైసెన్సు ఇవ్వకపోవడంతో దాని ఉత్పత్తి ఆగిపోయింది.

మీ రెండో ప్రశ్నకు జవాబు ఆ కారులోనే ఉంది. పేటెంట్ ఉన్నవాడు ఇతరులను తయారుచేయకుండా ఆపగలడు. అంతమాత్రాన తాను తయారుచేయడానికి ప్రభుత్వ అనుమతి, ముడిసరుకు, పెట్టుబడి వచ్చేయవు. లైసెన్సుల కాలంలో ఇవి మూడూ కలిసిరావడం చాలా అరుదు. ఇంకో సంగతి, పేటెంట్ ఏ దేశంలో తీసుకుంటే ఆ దేశంలోనే చెల్లుతుంది. స్వాతంత్ర్యానికి ముందైతే బ్రిటిష్ ఇండియా పేటెంట్ నిజాం రాజ్యంలో కూడా చెల్లేది కాదు. కోయంబత్తూరులోని ఆయన మ్యూజియంలో ఈ వస్తువులు ఉన్నాయి, అటు వెళ్లినప్పుడు తప్పక చూడండి.

ప్రశ్న: మా తాతగారు కమ్మరి. 1950లలో వేరుశనక్కాయలు ఒలిచే చేతి యంత్రం తయారుచేశారు. పెట్టె అడుగున ఇంగ్లీషులో ఒక కాగితం దొరికింది. దాని మీద ఒక నంబరు, రెండు తేదీలు ఉన్నాయి. అది పేటెంటేనా? మాకు ఇప్పుడేమైనా హక్కు ఉంటుందా? (పాఠకుడు, అనంతపురం)

జవాబు: ముందు ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, మడత మీద మడత పడకుండా చూడండి. ఆదాయం తెచ్చే హక్కు ఇప్పుడేమీ మిగిలి ఉండదు. 1911 చట్టం కింద తీసుకున్న పేటెంట్ 16 ఏళ్లకు ముగిసేది కాబట్టి, 1950ల నాటిది 1970ల మధ్యకల్లా అందరి సొత్తు అయిపోయింది. మీ తాతగారి యంత్రం ఆయన చేతిపని అని చెప్పడానికి ఆధారం మాత్రం మీ చేతిలో ఉన్నట్టే.

అది పేటెంటేనా అన్నది కాగితం మీది మాటల్ని బట్టి తేలుతుంది. ఆ కాలంలో దరఖాస్తు అందినప్పుడు ఒక నంబరు ఇచ్చేవారు. పరీక్షించి వివరణ పత్రాన్ని ఆమోదించాక గెజిట్‌లో ప్రకటించేవారు. అభ్యంతరాలకు 4 నెలల గడువు ఉండేది. ఎవరూ అడ్డుచెప్పకపోతే ఆ తర్వాతే ముద్ర వేసి పేటెంట్ ఇచ్చేవారు. చాలా ఇళ్లలో దొరికేవి దరఖాస్తు రసీదులో, ఆమోదపు లేఖలో అయి ఉంటాయి. పేటెంట్ ఆఫీసు ముద్ర, ఇచ్చిన తేదీ ఉంటే అది పేటెంటే.

నంబరు, సంవత్సరం రాసి, కాగితం నకలు జతచేసి కోల్‌కతాలోని పేటెంట్ ఆఫీసుకు ఉత్తరం రాయండి. అప్పటి దరఖాస్తులు అక్కడికే వెళ్లేవి. ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల దరఖాస్తులను చెన్నై ఆఫీసు చూస్తుంది, దారి చెప్పమని అక్కడా అడగవచ్చు. పేటెంట్ ఆఫీసు వెబ్‌సైట్‌లో ఇన్‌పాస్ అనే ఉచిత వెతుకులాట సదుపాయం కూడా ఉంది. పెద్ద గ్రంథాలయాల్లో భారత గెజిట్ పాత సంపుటాలు ఉంటే, మూడో భాగం రెండో సెక్షన్‌లో ఆ ఏడాది పేటెంట్ ప్రకటనలు చూడండి. వివరణ పత్రం దొరికితే అందులోని బొమ్మను ఇంట్లో మిగిలిన యంత్రంతో పోల్చిచూసి, జల్లెడ కన్నాల మధ్య దూరాన్ని, పిడి పొడవును, కాయలు పడే తొట్టి కొలతలను రాసిపెట్టుకోండి. యంత్రం ఇంకా తిరిగే స్థితిలో ఉంటే దాని మీద కాయలు ఒలిచిన పెద్దవాళ్లను కూర్చోబెట్టి, ఎంత కాయ పోసేవారో, పప్పు ఎంత విరిగేదో అడిగి, అది కూడా ఆ కవరులోనే పెట్టండి. బొమ్మల నకలు మాకు పంపితే వచ్చే సంచికల్లో అచ్చువేస్తాం.